నీళ్ల తొవ్వ గీద్దాం రాండ్రి

ఇగో, అందరు ఇటు రాండ్రి. ఆ ఫోన్లు జెర పక్కకు పెట్టి అరుగు మీద సక్కగ కూసోండ్రి. నాయినమ్మ పల్లికాయ ఉడుకబెడుతున్నది, అది దిగేదాక మనకు ముచ్చటకు టైమున్నది. పెద్దోడు పొద్దట్నుంచి ఒకటే అడుగుతున్నడు: "తాతా, రేపు ప్లంబర్ వస్తడు గద, ఎంత అడుగుతడు? మనం ఎంత ఇయ్యాలె?" అని. ఇంటెనుక కొత్త అర్ర, దాన్ని ఆనుకొని బాత్రూం, ఆ పక్కన బోళ్లు తోముకునే జాగ. మీ బాపు కట్టిస్తున్న ఈ మూడింటికి కలిపి నీళ్ల పని ఖర్చెంత? ఈ జనగామల పది మందిని అడిగితే పది లెక్కలు చెప్తరు. ఒకాయన పాయింట్‌కు ఇంత అంటడు, ఇంకొకాయన బాత్రూంకు ఇంత అంటడు. మూడో ఆయన గోడల దిక్కు చూసి, గడ్డం గోక్కొని, "చూద్దాం తియ్యుండ్రి సార్, మన మధ్య పైసలదేమున్నది" అంటడు. ఆ మూడో ఆయనతోని జెర పైలం.

నేను ముప్పై ఏండ్లు బడిల లెక్కలు, సైన్సు చెప్పినోణ్ని. అయినా ఈ లెక్క నాకు బళ్లె రాలేదు. ఇంట్ల దెబ్బ తిన్నంక వచ్చింది.

నల్లాను చూసి ఖర్చు లెక్కగడితే మోసపోతం పిల్లలూ. నల్లా అంటే పెండ్లికొడుకు లెక్క. అందరి కండ్లు ఆయన మీదనే ఉంటయి, పైసలు మాత్రం వంటలకాడ, టెంటుకాడ, బండ్ల కిరాయికాడ పోతయి. నీళ్ల పనిల గూడ అంతే. పైసలు పోయేది నీళ్లు నడిచే తొవ్వకు. ఆ తొవ్వలు రెండు. ట్యాంకుల నుంచి నల్లా దాక వచ్చేది ఒకటి, నల్లా కింద నుంచి మోరీ దాక పోయేది ఒకటి. వచ్చే నీళ్లను ఎనుక నుంచి ఒకరు నూకుతుంటరు. పోయే నీళ్లను నూకేటోడు ఎవ్వడుండడు, అవి తమ కాళ్ల మీద తామే దిగి పోవాలె. ఈ తేడా నాకు తెల్వకనే ఆ దెబ్బ తగిలింది.

పదిహేనేండ్ల కింద, అగో ఆ పాత బాత్రూం కట్టించిన. ఒక ప్లంబర్ వచ్చిండు, మంచోడే. "సార్, పాయింట్లెన్ని?" అన్నడు. నేను వేళ్ల మీద లెక్కబెట్టి ఏడు అన్న. పాయింట్‌కు ఇంత అని మాట అయ్యింది, బయానా చేతుల పెట్టిన, చాయ్ తాగి పోయిండు. నీళ్లు ఎటు నుంచి వస్తయి, ఎటు పోతయి అని నేను అడగలే, ఆయన చెప్పలే. మోరీ చాంబరేమో ఇంటి ముంగట, గేటు పక్కన. బాత్రూం ఎనుక మూలకు. మధ్యల 40 అడుగులు.

గోడలు లేచినంక, సగం పనిల ఒకనాడు ఆయన నెత్తి గోక్కుంట వచ్చి, "సార్, వాలు సాలుతలేదు" అన్నడు.

వాలంటే ఏందో చెప్త. నాయినమ్మ బియ్యం గాలించంగ చూసిన్రు గద? గిన్నెను మెల్లగ వంచుతది. నీళ్లతోని బియ్యం ఇవతలి గిన్నెలకు జారుతయి, రాళ్లు బరువు గనుక అడుగున్నే ఉంటయి. వంపు తక్కువైతే బియ్యం గూడ జారవు. మోరీ పైపుల గూడ ఇదే జరుగుతది. వాలు సాలకపోతే పైపు తనంతట తనే గాలించుడు మొదలుపెడ్తది. నీళ్లు ముందటికి పోతయి, బరువున్న చెత్త అడుగున కూసుంటది. ఆరు నెలలకు అది గట్టిపడి అడ్డుగోడైతది. అందుకే నాలుగించుల పైపుకు 40 అడుగుల పొడవుకు ఒక్క అడుగు దించాలె అని పాత లెక్క. నలభైకి ఒకటి. మరీ సాగదీస్తే అరవైకి ఒకటి దాక పోవచ్చు, అంతకన్న సదునైతే కష్టం.

ఇప్పుడు మన లెక్క చూడండ్రి. 40 అడుగుల దూరం, అంటే అడుగు వాలు. ముంగటి చాంబరుల పైపు దూరే బొక్కేమో నేలకు ఆరించుల కిందనే ఉన్నది. అక్కడి నుంచి ఎనుకకు ఎక్కుకుంట వస్తే పైపు బాత్రూం కాడికి వచ్చేసరికి నేల మీద ఆరించులు తేలుతది! దాని మీద ట్రాపు, దాని మీద సిమెంటు, దాని మీద టైల్స్. చివరికి ఏం చేసినం? ట్రాక్టర్‌తోని మొరం తెచ్చి బాత్రూం నేలను అడుగున్నర ఎత్తు లేపినం. రెండు మెట్లు కట్టినం. ఏడడుగుల దర్వాజ ఐదున్నరకు దిగింది. నేనేమో ఐదడుగుల తొమ్మిదించులోణ్ని. ఆ దర్వాజ నా నెత్తికి నేర్పిన పాఠం ఏ ట్రైనింగ్ కాలేజీల గూడ నేర్పలే.

మొరం పైసలు, తవ్విన కూలి, మెట్లు, ఎవలియ్యాలె? "సార్, నా మాట పాయింట్లది" అన్నడు ఆయన. నిజమే. "మొత్తం బాత్రూం చేసిస్తవనే గద బయానా ఇచ్చిన" అన్న నేను. అది గూడ నిజమే. ఇద్దరివీ నిజాలే అయితే పంచాయితి తెగదు. నెల రోజులు మాట్లాడుకోలే మేము.

సరే, ట్రాపు అన్న గద, అదేందో చూద్దాం. బేసిన్ కింద పైపు పాము లెక్క మెలిక తిరిగి ఉంటది, చూసిన్రా? నేల మీద జాలీ కింద ఉండే గిన్నెను మనోళ్లు నహానీ ట్రాప్ అంటరు. ఆ మెలికల ఎప్పుడు జెరన్ని నీళ్లు నిలిచి ఉంటయి. రెండించులు, అంతే. ఆ రెండించుల నీళ్లే తలుపు. మోరీ కంపు, బొద్దింకలు ఆ నీళ్లను దాటి లోపలికి రాలేవు. ఈ మెలికను 1775ల అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన పేటెంట్ చేసిండు. ఆయన ప్లంబర్ కాదు, గడియారాలు చేసేటోడు! గంటల ముల్లు తిప్పేటోని బుర్రకే ఈ మెలిక తట్టింది. ఊరికి పోయి చాన దినాలకు తిరిగొస్తే బాత్రూంల వాసనొస్తది గద, అది ఆ నీళ్లు ఆవిరైపోయి తలుపు తెరుచుకున్నందుకు. ఒక్క చెంబు నీళ్లు పోస్తే మళ్ల తలుపు పడ్తది. ఎస్టిమేట్‌ల ట్రాపుల ధర చిన్నగనే ఉంటది. అందుకే బేరమాడేటప్పుడు జనం దాన్నే కోస్తరు. అది మాత్రం కొయ్యొద్దు.

ఇగ వచ్చే నీళ్ల సంగతి. మానుకోటల, అదే మహబూబాబాద్‌ల, మీ చిన్న నాయినమ్మ పోయినేడు మేడ మీద అర్ర ఏసింది. బాత్రూంల పెద్ద పళ్లెమంత షవర్ పెట్టించింది. తిప్పితే ఏమొచ్చింది? కన్నీళ్ల లెక్క బొట్లు బొట్లు. "ట్యాంకు సాలుతలేదు" అనుకొని, వెయ్యి లీటర్ల సింటెక్స్ తీసేసి రెండు వేల లీటర్లది పెట్టించింది. అప్పుడు గూడ బొట్లే. ఎందుకు?

పిల్లలతోని నేనొక ఆట చేయిస్తుంటి బడిల. ప్లాస్టిక్ సీసకు పైన ఒకటి, మధ్యన ఒకటి, అడుగున ఒకటి బొక్కలు పెట్టి నీళ్లు నింపితే, అడుగు బొక్కల నుంచే ధార జోరుగ దుంకుతది. దాని నెత్తి మీద నీళ్ల ఎత్తు ఎక్కువ గనుక. నీళ్లు నూకే బలం వాటి ఎత్తును బట్టి వస్తది, ఎన్ని ఉన్నయన్న దాన్ని బట్టి కాదు. సన్నపు గొట్టంల నిలబెట్టినా, చెరువుల నిలబెట్టినా, పది మీటర్ల లోతు నీళ్లు ఇంచుమించు ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువంత నొక్కుతయి. మీ చిన్న నాయినమ్మ ట్యాంకేమో అదే స్లాబు మీద కూసున్నది. షవరుకు, ట్యాంకు అడుగుకు మధ్యల మూడున్నర అడుగులు. పది మీటర్లల పదో వంతు. ట్యాంకును రెట్టింపు చేస్తే ఆ ఎత్తు పెరగలే, స్లాబు మీద బరువు పెరిగింది. 2000 లీటర్ల నీళ్లంటే 2000 కిలోలు. నలభై కిలోల మిర్చి బస్తాలు యాభై తీసుకపోయి మేడ మీద పేర్చినట్టు! మిర్చి పండించే ఊరోళ్లకు ఇట్ల చెప్తెనే సమజైతది. పాత చిన్న ట్యాంకుకే గోడల మీద ఐదడుగుల ఇనుప స్టాండు కట్టించి ఉంటే తక్కువల పోతుండె.

ఇంకో రహస్యం పైపు వెడల్పుల ఉన్నది. అంగుళం పైపు, అరంగుళం పైపు, ఎంత తేడా? "రెండింతలు" అంటరు మీరు. నాయినమ్మ అడుగు వెడల్పు జొన్నరొట్టె ఒకటి చేసిందనుకో, అరడుగు వెడల్పు రొట్టెలు ఎన్ని పెడితే దానికి సమానం? నాలుగు. పైపుల నీళ్లు పట్టే జాగ గూడ అంతే, నాలుగింతలు. అంతటితో ఆగదు. సన్నపు పైపుల నీళ్లు గోడలకు ఎక్కువ రాసుకుంటయి, సన్నపు గల్లీల ఎడ్లబండి గోడలకు గీసుకుంట పోయినట్టు. ఆ రాపిడి గూడ కలిపితే అంగుళం పైపు సుమారు ఆరింతల నీళ్లు మోస్తది. ధర మాత్రం ఆరింతలుండదు. అందుకే ట్యాంకు నుంచి దిగే పెద్ద పైపుకాడ పిసినారితనం చెయ్యొద్దు, చివర నల్లా కాడికి వచ్చినంక సన్నం చేసుకో. చెట్టుకు గూడ మొదలు లావు, కొమ్మ సన్నం.

మలుపులు గూడ అంతే. ఒక్క ఎల్బో పెడితే, ఆ పైపు వెడల్పుకు ముప్పై ఇంతల పొడవు తిన్నని పైపు పెట్టినట్టు రాపిడి పెరుగుతదని ఇంజనీర్ల లెక్క. అరంగుళం పైపుల ఎల్బో అంటే పదిహేనించుల పైపు. పది ఎల్బోలంటే పన్నెండడుగులు దాటినట్టే. జాతరల జనం మూల మలుపు కాడ ఒకరి మీద ఒకరు పడ్తరు గద, గదే. షాపు బిల్లుల ఎల్బోలు, టీలు, సాకెట్లు చూసి "పైపు కన్న వీటికే ఎక్కువైతున్నయేంది" అని జనం పరేషానైతరు. వంకర తొవ్వకు ఆ ఖర్చు తప్పదు మరి.

భూపాలపల్లిల నాకొక దోస్తున్నడు, సింగరేణిల పంపుల మీద పని చేసి రిటైరైండు. ఆయన సంగతి చెప్పకపోతే నాకు పల్లికాయ అరగదు. బొగ్గు బావిల నీళ్లు ఊరుతనే ఉంటయి, తోడకపోతే పని ఆగుతది. అసలు ఆవిరి యంత్రాలల్ల మొదట పనికొచ్చింది రైలు గుంజనీకి కాదు, బొగ్గు బావుల నీళ్లు తోడనీకే. 1712ల ఇంగ్లండుల న్యూకొమెన్ అనే ఆయన పెట్టిండు. దోస్తు ఇంట్ల రెండర్రలు పెంచుకుంట, పాత బాయిల నీళ్లు వాడుకుందామని గడ్డ మీద మోటార్ పెట్టమన్నడట కొడుకు. ఈయన నవ్విండట. "బిడ్డా, బాయిల నీళ్లు నలభై అడుగుల లోతున ఉన్నయి. గడ్డ మీది మోటార్ దేవుడొచ్చినా గుంజలేదు."

ఎందుకు గుంజలేదు? మనం గొట్టంతోని కొబ్బరి నీళ్లు తాగేటప్పుడు నీళ్లను గుంజుతున్నమనుకుంటం. నిజానికి మనం గొట్టంల గాలిని తీసేస్తం, అంతే. బయట గాలి నీళ్ల మీద నొక్కి పైకి ఎక్కిస్తది. ఆ గాలి బలం ఇంచుమించు పది మీటర్ల నీళ్లను మోస్తది, అంతకన్న ఎక్కువ మొయ్యదు. ఇటలీల బావుల పంపులు ఆ ఎత్తు కాడ మొరాయిస్తుంటే గెలీలియో అంతటోడు గూడ తిప్పలు పడ్డడు. ఆయన శిష్యుడు టారిసెల్లి 1643ల పాదరసంతోని ఆ ముడి విప్పిండు. మోటార్ మంచిదే అయినా ఏడు మీటర్లు దాటితే ఎగపోస్తది. మన జనగామ దిక్కు పాత బాయిలల్ల చూడండ్రి, లోపల గోడకు గద్దె కట్టి ఉంటది. ఎండాకాలం నీళ్లు కిందికి పోయిన కొద్దీ, మోటారును తాళ్లు గట్టి గద్దె మీదికి దించేటోళ్లం. ఇప్పటి బోరు మోటార్ నీళ్లల్లనే మునిగి కింద నుంచి నూకుతది గనుక ఆ బాధ లేదు. నూకనీకి ఆ హద్దు లేదు, గుంజనీకే ఆ హద్దు. ఇల్లు పెంచినప్పుడు "ఉన్న మోటారే సాలుతదా?" అని ఎస్టిమేట్‌ల ఒక గీత రాసుకోవాలె. దోస్తు కొడుకు ఆ గీత రాయక ముందే పైపులన్నీ కొనిండు.

ఏ నీళ్లు అనేది గూడ ముందే అనుకోవాలె. మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ కాడ కోమటిబండల మొదలైంది. పల్లెల్ల మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్ల 135 లీటర్లు అని లెక్క గట్టిన్రు. మనం ఆరుగురం, అంటే 810 లీటర్లు. ఆ నీళ్లు వంటకు, తాగనీకి. బోరు నీళ్లు తానాలకు, కడుగుడుకు. బోరు నీళ్లల్ల సున్నం ఉంటది, గీజర్‌ల చాయ్ గిన్నె అడుగున కట్టినట్టు పొర కడ్తది. రెండు రకాల నీళ్లు కొత్త జాగ దాక రావాలంటే రెండు పైపులు రావాలె, ఖర్చు అక్కడికక్కడ రెట్టింపు. రెంటినీ ఒక్క పైపుకు కలిపి వాల్వ్ పెడ్తనని ఎవడన్న అంటే వద్దనుండ్రి. ఒకనాడు వాల్వ్ మరిచిపోతే బోరు నీళ్లు మంచినీళ్లల్లకు పోతయి. మేమైతే బోళ్ల జాగకు ఒక్క బోరు పైపే చాలనుకున్నం, తాగే నీళ్లు వంటింట్లనే ఉన్నయి గద.

సామాను గురించి రెండు మాటలు. మీగడ రంగు పైపు సీపీవీసీ, వేడి నీళ్లకు అదే. 93 డిగ్రీల దాక తట్టుకుంటది. మామూలు తెల్లటి పైపు గీజర్‌కు పెడితే ఉడికిన వంకాయ లెక్క మెత్తబడ్తది. పైపులను అతికేది జిగురు అనుకుంటరు, కాదు. ఆ ద్రావకం రెండు ముక్కల పై పొరను కరిగిస్తది, కరిగినవి కలిసి ఒక్కటే ముక్క అయితయి. బెల్లం పాకం ముద్దలు రెండు ఒత్తితే ఒకటైనట్టు. అందుకే తప్పు అతికితే విప్పుడుండదు, కోసుడే. ఆ కోసిన ముక్క ధర ఎవరి మీద పడాలె? రాసుకోండ్రి.

నల్లా మరల చుట్టు తెల్లటి టేపు చుడ్తరు, చూసిన్రా? మా చిన్నప్పుడు జనుప పోగు, సఫేదా పెట్టి బిగించేటోళ్లు. ఆ టేపు కథ మస్తుంటది. 1938 ఏప్రిల్ 6న అమెరికాల ప్లంకెట్ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త గ్యాసు సిలిండర్ తిప్పితే గ్యాసు రాలే. ఖాళీ అయ్యిందనుకొని పారెయ్యొచ్చు. ఆయన తూకం ఏసి చూసిండు. బరువు అట్లనే ఉన్నది! గ్యాసు ఎటు పోయినట్టు? సిలిండర్‌ను రంపంతోని కోపిస్తే లోపల తెల్లటి మైనం లాంటి పొడి. అదే టెఫ్లాన్. తూకం ఏసే బుద్ధి లేకుంటే మన నల్లాలు ఇప్పటికీ జనుప పోగుతోనే ఉంటుండెనేమో.

తూకం అంటే యాదికొచ్చింది. నల్లాలు కొనేటప్పుడు చేతుల పట్టి చూడండ్రి. మన జిల్లాల పెంబర్తి ఉన్నది, ఇత్తడి రేకు మీద సుత్తెతోని దేవుళ్లను పుట్టిస్తరు అక్కడోళ్లు. వాళ్ల పక్కన బతికే మనకు ఇత్తడి బరువు ఒకరు చెప్పాల్నా? పైన మెరుపు పూత ఒకటే ఉంటది, లోపల ఇత్తడి అయితే చెయ్యి దిగుతది, కలగాపులగం లోహమైతే బొమ్మ లెక్క తేలిగ్గుంటది. ప్లంబర్ అనే మాట పుట్టింది గూడ లోహం నుంచే. రోమన్లు సీసపు గొట్టాలు వాడిన్రు, వాళ్ల భాషల సీసాన్ని ప్లంబమ్ అంటరు. సుతారి గోడ నిలువు చూసే గుండుకు గూడ ఇంగ్లీషుల పేరు అక్కణ్నుంచే వచ్చింది. ఇద్దరూ సీసం బిడ్డలే, అయినా పని కాడ రోజూ కొట్లాడుకుంటరు.

ఇగ అసలు మాట, ఎట్ల ఒప్పుకోవాలె? పత్తి ఏరే కాలంల మీ బాపు ఏం చేస్తడు? రోజు కూలికి పెడితే ఏరుడు నింపాదిగ అయితది, పత్తి శుభ్రంగుంటది. కిలో లెక్కన ఇస్తే జల్దిగ అయితది, పత్తిల ఆకు కలుస్తది. మొత్తం చేను గుత్తకిస్తే మనకు తలనొప్పి ఉండదు, చేన్ల సగం పత్తి మిగిలిపోతది. ప్లంబర్‌తో గూడ ఈ మూడే. కూలి అంటే రోజులు మన నెత్తిన, పాయింట్ అంటే దూరం ఆయన నెత్తిన, గుత్త అంటే సామాను నాణ్యం దేవుని నెత్తిన. నాకైతే సామాను మనం తెచ్చుకొని పని పాయింట్ల లెక్కన ఇచ్చుడే నచ్చుతది, పాయింట్ అంటే ఏందో ముందే తేలితే. మన కొత్త పనిల చూడండ్రి: బేసిన్, కమోడ్, జెట్, మిక్సర్, గీజర్, బోళ్ల జాగ, వాషింగ్ మెషీన్. మన కంటికి ఏడు. ప్లంబర్ కంటికి తొమ్మిది, ఎందుకంటే మిక్సర్‌కు వేడిదొకటి చల్లదొకటి, గీజర్‌కు పోయేదొకటి వచ్చేదొకటి. ఆయన మోసం చేస్తలేడు, ఆయన పైపు మూతులను లెక్కబెడ్తడు, మనం వస్తువులను లెక్కబెడ్తం. మోరీ బొక్కలు అందుల కలుస్తయా లేదా అనేది గూడ అడగాలె. గోడకు జిర్రీలు కొట్టుడు, మళ్ల సిమెంటుతోని పూడ్సుడు, నేల తవ్వుడు, ఆ మట్టి ఎత్తిపోసుడు, ఇవి ప్లంబర్‌వా, సుతారివా? పంచాయితులన్నీ ఈ మట్టిల నుంచే మొలుస్తయి.

పైపు లెక్క గూడ దర్జీ లెక్కనే. సీపీవీసీ పైపు షాపుల సుమారు పదడుగుల ముక్క. ట్యాంకు నుంచి దిగనీకి 12 అడుగులు, గోడెంట 30, లోపల తిరగనీకి 25. మొత్తం 67. అంటే ఏడు ముక్కలు, కోతల పోయేదానికి ఇంకొకటి, ఎనిమిది. మిగిలినవి వాపసు తీసుకుంటవా అని షాపాయనను కొనక ముందే అడగాలె, కొన్నంక అడిగితే గోడ దిక్కు చూస్తడు.

పైసలు ఇచ్చుడు గూడ పని నడకను బట్టి ఉండాలె. ఈ తెలివి మనోళ్లకు కొత్తది కాదు. కాకతీయుల చెరువులు చూసిన్రు గద. బయ్యారం చెరువు మానుకోట జిల్లాల, గణపసముద్రం భూపాలపల్లి దిక్కు. బయ్యారం చెరువు గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ కట్టించింది, ఆమె ఏయించిన శాసనమే కాకతీయుల వంశ చరిత్ర చెప్తది. ఆ కాలంల దశబంధం అనే ఒప్పందం ఉండేది. చెరువు కట్టినోనికి, బాగు చేసేటోనికి చెరువు కింది భూమిల కొంత వదిలేటోళ్లు. పేర్లనే పదో వంతు ఉన్నది, చోటును బట్టి మారేది. దాని చమత్కారం చూడండ్రి: చెరువు కారితే ముందు ఎండేది కట్టినోని పొలమే! ఏ ప్లంబర్‌తోని అట్ల ఒప్పందం రాసుకోగలం? అటు కడప జిల్లా పోరుమామిళ్లల బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి 1369ల శాసనం ఏయించిండు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని రాయించి, రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు మొయ్యనీకి వంద బండ్లు, రెండేండ్లు పట్టిందని గూడ చెక్కించిండు. రాయి మీద కూలి లెక్క! నేనైతే దాన్ని మన దేశపు గొప్ప ఎస్టిమేట్ బుక్కంట.

ప్లంబర్‌తోని అట్లాంటి ఒప్పందం కుదరదు గనుక ఇట్ల చేద్దాం. బయానా కొంత. పైపులన్నీ గోడల కూసున్నంక, టైల్స్ పడక ముందు, చివర్లు మూసి చేతి పంపుతోని నీళ్లు ఒత్తి రాత్రంతా ఉంచాలె. పొద్దుగాల పంపు గేజి ముల్లు దిగకుండ ఉంటే ఇంకొంత. నల్లాలు బిగించినంక మిగతాది, జెరంత నెలాగి. గోడ మూసే ముందు టేపు పట్టి ఫోటోలు తియ్యుడు మీ పని పెద్దోడా, రేపు మేకు కొట్టేటోడు పైపును పొడవకుండ.

సరే, పొద్దు గూకకముందే లేవండ్రి. ప్లంబర్ వచ్చేసరికి తొవ్వ మనమే గీసి పెడదాం. సుద్ద తే చిన్నీ. కొత్త బాత్రూం నుంచి గల్లీ పక్క చాంబరుకు 24 అడుగులు. నలభైకి ఒకటి లెక్కన ఎన్నించులు దిగాలె? పెద్దోడా, కాగితం లేకుండ. ఏడు పైన చిల్లర. శాబాష్. ఇప్పుడు ఆ లెవల్ పైపు తీయి, నీళ్లు నింపు, బుడగ లేకుండ. బుడగుంటే అబద్ధం చెప్తది. ఒక కొస నువ్వు బాత్రూం గోడకు పట్టు, ఇంకో కొస చాంబరు కాడ చిన్నది పడ్తది. రెండు కొసలల్ల నీళ్లు ఒక్క ఎత్తున నిలుస్తయి, ఎంత దూరమున్నా, మధ్యల పైపు ఎన్ని వంకర్లు పోయినా. అక్కడ నీళ్ల గీత నుంచి పైపు అడుగు దాక కొలువు. ఎంత? 27 ఇంచులు. చిన్నీ, నీ దగ్గర చాంబరు బొక్క అడుగు దాక? 31? సరిగ చూసినవా?

నాలుగించులే తేడా. ఇగ అయిపోయింది. ఏడు కావాలె, నాలుగే ఉన్నయి. మళ్ల మొరం, మళ్ల మెట్లు, మళ్ల నా నెత్తికి బొప్పి. నాయినమ్మకు ఇప్పుడే చెప్పకండ్రి.

ఆగాగు. చిన్నీ, నువ్వు పైపు కొసను ఎట్ల పట్టుకున్నవు? బొటనేలు మూతి మీద పెట్టినవా?

"నీళ్లు ఒలికిపోతయని మూసిన తాతా."

ఓ నా బంగారు తల్లీ! మూస్తే లోపలి గాలి ఇరుక్కొని నీళ్లను కదలనియ్యదు. వేలు తియ్యి. అగో, అగో, నీళ్లు ఊగుతున్నయి చూడు, పైకి ఎక్కుతున్నయి, మళ్ల దిగుతున్నయి. కదలకు. నిలవనీయి.

ఇప్పుడు చెప్పు. పెద్దోని దిక్కు గీత ఎక్కడున్నది? చిన్నీ, నీ దిక్కు?

"ఇక్కడ ఇరవై నాలుగున్నర తాతా!"

"ముప్పై మూడున్నర!"

తొమ్మిది. రెండించులకు తక్కువ మిగులుతది గాని, మిగులుతది. సుద్దతోని గోడ మీద రాయి: 24 అడుగులు, 9 ఇంచులు. పెద్దగ రాయి, పొద్దుగాల ఆయన వచ్చేసరికి కనవడాలె. ఏయ్, పల్లికాయ వాసనొస్తున్నది, చేతులు కడుక్కోండ్రి. ఆ పాత బాత్రూంలకు పోతే దర్వాజ కాడ వంగి పోండ్రి.